నాగలి కింది ప్రాణం

నేలను దున్నడం హింస అవుతుందా, అయితే ఆ పాపం ఎవరికి అంటుతుంది అనే ప్రశ్నను భారతీయ ధర్మశాస్త్రాలూ దర్శనాలూ రెండు వేల ఏళ్ళకు పైగా విడవకుండా చర్చించాయి. ఇనుప మొన ఉన్న కర్ర భూమినీ, భూమిలో ఉండే ప్రాణులనూ గాయపరుస్తుంది కాబట్టి బ్రాహ్మణుడు సేద్యానికి దూరంగా ఉండాలని మనుస్మృతి పదో అధ్యాయం చెబుతుంది. కలియుగ ధర్మాలు చెప్పే గ్రంథంగా పేరున్న పరాశరస్మృతి ఆ వృత్తిని బ్రాహ్మణుడికి కూడా అనుమతిస్తూనే, చేపలు పట్టేవాడికి ఏడాది పొడవునా అంటే పాపం దున్నేవాడికి ఒక్క రోజులో అంటుతుందని లెక్కకట్టి, అది పోవడానికి కళ్ళంలో చేయవలసిన దానాలను కూడా నిర్ణయించింది. ఆ శాస్త్రకారుల కళ్ళకు కనిపించిన ప్రాణులు వానపాములు, పురుగులు, చీమలు. 19వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో వ్యవసాయ సూక్ష్మజీవశాస్త్రం, అంటే మట్టిలోనూ వేళ్ళ చుట్టూనూ ఎరువులోనూ బతికే బాక్టీరియా, శిలీంధ్రాలు, నాచులు, ఏకకణ జీవులు పంటకు చేసే మేలుకీడులను పరిశీలించే శాస్త్రం, రూపు కట్టిన తరువాత ఆ లెక్క ఒక్కసారిగా కోట్లలోకి వెళ్ళిపోయింది. లెక్క అంత పెద్దదైనప్పుడు పాత ప్రశ్న ఇంకా ప్రశ్నగానే నిలుస్తుందా, లేక దాని రూపమే మారిపోతుందా అన్నది విచారించదగిన విషయం.

ఈ విచారణకు విజయనగరం జిల్లా చీపురుపల్లి ప్రాంతం చాలా అనువైనది. వాన మీద ఆధారపడే ఎర్రటి గరువు నేలలు, చెరువుల కింద వరి పండే పల్లపు మడులు, గోగునార పండించిన పొలాలు, గరివిడి, కోడూరు, గర్భాం వైపు మాంగనీసు గనులు ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. అదే జిల్లాలోని నెల్లిమర్ల మండలం రామతీర్థం కొండల మీద, దున్నడం గురించి అందరికంటే ఎక్కువగా మథనపడిన రెండు మతాల శిథిలాలు ఉన్నాయి. గురుభక్తులకొండ మీద బౌద్ధ స్తూపాలూ చైత్యాలూ విహారాలూ, దుర్గకొండ మీద జైన తీర్థంకరుల శిల్పాలూ కనిపిస్తాయి. 11వ శతాబ్ది ఆరంభంలో పాలించిన తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని కాలపు శాసనం ఒకటి త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు ఈ కొండను భక్తితో దర్శించాడని చెబుతుంది. కొండ మీది మునులు మట్టిని తాకడానికి జంకేవారు. కొండ కింది రైతులు దానిని దున్నేవారు. పైవారు కిందివారి కళ్ళం మీద ఆధారపడి బతికేవారు. ఈ విచారణలోని చిక్కు అంతా ఆ అమరికలోనే ఉంది.

భిక్షువు మట్టి తవ్వకూడదు, తవ్వించకూడదు అనే నియమం బౌద్ధ శాఖలన్నింటి ప్రాతిమోక్షాలలోనూ, అంటే భిక్షువుల నియమావళులలోనూ, ఉంది. పాలి వినయపిటకం ఈ నియమం పుట్టిన సందర్భాన్ని కూడా చెబుతుంది. ఆళవి అనే చోట భిక్షువులు కట్టడాల పని కోసం నేల తవ్వుతుండగా, స్పర్శ అనే ఒకే ఇంద్రియం గల జీవాన్ని వీరు హింసిస్తున్నారని జనం ఈసడించారు. జనానికి భూమి జీవమనే భావన ఉంది కాబట్టి భిక్షువులు ఆ పని మానాలని బుద్ధుడు ఆదేశించాడు. ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉంది. భూమికి ప్రాణం ఉందని బుద్ధుడు సిద్ధాంతీకరించలేదు. ఉందని నమ్మే సమాజం మధ్య, దాని అన్నం తిని బతికే భిక్షువు దాని నమ్మకాన్ని నొప్పించకూడదన్నాడు. తత్త్వ నిర్ణయాన్ని పక్కన పెట్టి నడవడిని నిర్ణయించడం అన్నమాట.

అంతకంటే ఆసక్తికరమైనది ఆ నియమానికి వినయపిటకం చేసిన వివరణ. అది భూమిని జాతభూమి, అజాతభూమి అని రెండుగా విడదీస్తుంది. రాళ్ళూ గులకలూ తక్కువగా ఉండి, మన్నూ బంకమన్నూ ఎక్కువగా ఉండి, కాల్చబడని నేల జాతం. రాళ్ళూ గులకలూ ఎక్కువగా ఉన్నదీ, కాలిపోయినదీ అజాతం. ఒకచోట పోగుపోసిన మట్టి కుప్ప మొదట అజాతమే అయినా, దాని మీద నాలుగు నెలలకు మించి వాన పడితే అది జాతమవుతుంది, ఆపైన భిక్షువు దానిని తవ్వరాదు. సూక్ష్మదర్శిని లేని కాలంలో ఎవరో ఒకరు మట్టి కుప్పల మీద వర్షాకాలం గడిచాక వచ్చే మార్పును శ్రద్ధగా చూసి ఉండాలి. ప్రాణం మట్టికి పుట్టుకతో ఉండే గుణం కాదని, వాన, కాలం, మన్ను కలిసినప్పుడు ఏర్పడి, కాల్చినప్పుడు పోయే స్థితి అని ఈ విభజనలో అంతర్లీనంగా ఉంది. మన పూర్వులకు బాక్టీరియా తెలుసునని దీనిని బట్టి వాదించడం తొందరపాటు. వారికి తెలిసినది వేరు, అది తక్కువదేమీ కాదు.

జైనుల మార్గం ఇందుకు భిన్నం. వారి దృష్టిలో పృథ్వీకాయ జీవులు, అంటే భూమినే శరీరంగా ధరించిన ఆత్మలు, నిజంగానే ఉన్నాయి. నీరు, నిప్పు, గాలి, చెట్లుచేమలు శరీరాలుగా గల మరి నాలుగు రకాల స్థావర జీవులతో పాటు వాటికీ స్పర్శజ్ఞానం ఉంది. ఇది కాక నిగోదమనే భావన ఒకటి ఉంది: లెక్కలేనన్ని జీవులు ఒకే సూక్ష్మ శరీరాన్ని పంచుకుని, మనిషి ఒక్కసారి ఊపిరి తీసే లోపల పద్దెనిమిది సార్లు దాకా కలిసి పుట్టి కలిసి చస్తాయి. ఈ వర్ణన చదివిన ఆధునిక పాఠకుడికి బాక్టీరియా గుర్తుకు రాక మానదు, పలువురు జైన రచయితలు ఆ పోలికను గట్టిగానే ప్రతిపాదించారు కూడా. అయితే ఆ పోలిక ఎక్కువ దూరం నడవదు. నిగోదం ఆత్మ ఉన్నతికీ పతనానికీ సంబంధించిన భావన, అందులోంచి పైకి వచ్చిన జీవుడే క్రమంగా మనిషి అవుతాడు. బాక్టీరియా కర్మఫలం అనుభవిస్తున్నదని సూక్ష్మజీవశాస్త్రం చెప్పదు, చెప్పలేదు. పృథ్వీకాయమైతే మట్టిలో ఉండే ప్రాణి కానే కాదు, మట్టి తానే ప్రాణి శరీరం. సూక్ష్మజీవశాస్త్రం చూపించినది మట్టిలోని ప్రాణులను. ఈ రెండింటికీ నడుమ ఉన్న దూరాన్ని భక్తితో పూడ్చినా, గర్వంతో పూడ్చినా జైన సిద్ధాంతానికీ అన్యాయమే, విజ్ఞానానికీ అన్యాయమే.

అసలు మట్టి అంటే ఏమిటో చూడాలి. చీపురుపల్లి గరువుల ఎర్రదనం తూర్పు కనుమల ఖొండలైట్ శిల నుంచి వచ్చింది. ఆ కనుమలలో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీదుగా భూగర్భ శాస్త్రవేత్తలు ఆ శిలకు ఆ పేరు పెట్టారు. అందులోని గార్నెట్ ఖనిజంలో ఉండే ఇనుము ఎండకూ వానకూ గాలికీ శిథిలమై తుప్పు పట్టడం వల్ల నేల ఎర్రబడింది. మంచి సాగునేలను ఘనపరిమాణంలో చూస్తే సుమారు సగం ఖనిజ రేణువులు, మిగిలిన సగంలో ఎక్కువ భాగం నీరూ గాలీ. కుళ్ళిన, కుళ్ళుతున్న సేంద్రియ పదార్థం ఉత్తమ నేలలలోనే ఐదు శాతం, ఉత్తరాంధ్ర ఎర్రనేలల వంటి ఉష్ణప్రాంతపు మెట్టలో అంతకంటే చాలా తక్కువ. ఘనపదార్థం ఎంత ముఖ్యమో దాని మధ్య ఉన్న ఖాళీలు అంత ముఖ్యం. ఆ రంధ్రాలలోనే వేరు పాకుతుంది, నీరు నిలుస్తుంది, సూక్ష్మజీవి కాపురం ఉంటుంది. బాక్టీరియా స్రవించే జిగురూ, శిలీంధ్రాల పోగులూ ఇసుక రేణువులనూ బంకమన్నునూ ముద్దలుగా కట్టి ఆ రంధ్రాలను నిలబెడతాయి. అంటే అక్కడ బతికేవాడే ఇంటి గోడలు కడుతున్నాడు. వాడిని తీసేస్తే మిగిలేది రాతిపొడి.

ఒక గ్రాము సాగుమట్టిలో బాక్టీరియా కణాలు పది కోట్ల నుంచి వంద కోట్లు, కొన్ని నేలల్లో అంతకు మించి ఉంటాయి. వాటిలో ప్రయోగశాల పళ్ళెంలో మామూలు పద్ధతులతో పెంచగలిగినవి నూటికి ఒకటి కూడా ఉండవు. ఈ సంఖ్యలను ఎంతగా చెప్పుకున్నా, దున్నడంలో ఉన్న హింసను ఆలోచించేవాడికి అసలు ఇబ్బంది మరోచోట ఎదురవుతుంది. మట్టిలోని సూక్ష్మజీవులలో అత్యధిక భాగం ఏ క్షణంలో చూసినా చురుకుగా ఉండవు. తిండీ తడీ లేక, పెరుగుదల ఆపేసి, నిద్రాణ స్థితిలో పడి ఉంటాయి. కొన్ని బాక్టీరియా గట్టి పొరలో ముడుచుకున్న సిద్ధబీజాలుగా మారి ఏళ్ళ తరబడి గడుపుతాయి. అలా పడి ఉన్న కణం బతికి ఉన్నదా, చచ్చినదా అన్నది అది మళ్ళీ మేలుకుంటే తప్ప తేలదు. 2016లో అమెరికాలోని వివిధ నేలల మీద జరిగిన ఒక పరిశోధన, మట్టి నుంచి తీసిన సూక్ష్మజీవుల డీఎన్‌ఏలో సగటున 40 శాతం దాకా చచ్చినవాటి అవశేషమేనని తేల్చింది. సేంద్రియ పదార్థంలో కూడా ఆకులూ కొమ్మల అవశేషాలతో పాటు చచ్చిన సూక్ష్మజీవుల కణకవచాలది చాలా పెద్ద వాటా. ఈ మట్టిలో జీవులు ఎన్ని అని అడిగితే వచ్చే జవాబు సంఖ్య కాదు. బతుకూ చావూ నిద్రా ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఒక స్థితి అక్కడ ఉంది, అంతే.

ఖనిజానికీ ప్రాణానికీ మధ్య ఉందనుకున్న గీత వరిమడిలో ఇంకా పలచబడుతుంది. దమ్ము చేసి నీరు నిలగట్టిన మడిలో గాలి మట్టిలోకి పోయే దారి మూసుకుపోతుంది. లోపల ఉన్న కొద్ది ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లోనే వాడేస్తాయి. ఊపిరి అనేది, రసాయన భాషలో, తిండి నుంచి తీసిన ఎలక్ట్రాన్లను చివరికి ఎవరికో ఒకరికి అప్పగించడం. మనిషి వాటిని ఆక్సిజన్‌కు అప్పగిస్తాడు. ఆక్సిజన్ లేని బురదలో బాక్టీరియా ఆ పనికి మొదట నైట్రేట్‌నూ, తరువాత మాంగనీసునూ, తరువాత ఇనుమునూ, ఆపైన సల్ఫేటునూ వాడుకుంటాయి. ఇవన్నీ అయిపోయాక మిథేన్ పుట్టించే ఆర్కియా అనే ప్రాచీన జీవుల వంతు వస్తుంది. ఉభాల, అంటే వరినాట్ల, తరువాత మడిలో కాలు పెట్టినప్పుడు పైకి తేలే బుడగల్లో ఉండేది ఆ వాయువే. నీరు నిలిచిన ఎర్రమట్టి అడుగున బూడిద రంగుకు తిరగడానికి కారణం ఇనుము అలా రూపం మార్చుకోవడమే.

ఈ వరుసలో రెండో మెట్టు మాంగనీసు. మాంగనీసు ఆక్సైడ్‌నే ఊపిరికి ఆధారం చేసుకుని ఒక బాక్టీరియా పెరగగలదని చార్లెస్ మయర్స్, కెనెత్ నీల్సన్ అమెరికాలోని ఒనైడా సరస్సు అడుగుమట్టి నుంచి తీసిన జీవితో 1988లో నిరూపించారు. దానికి ఎదురు దిశలో, కరిగిన మాంగనీసును పట్టి నల్లటి ఆక్సైడ్ పొరగా మార్చే బాక్టీరియా, శిలీంధ్రాలు కూడా ఉన్నాయి. భారతదేశంలో మాంగనీసు తవ్వకం 19వ శతాబ్దపు చివరి దశాబ్దంలో మొదలైంది ఈ కోడూరు ప్రాంతంలోనే. అక్కడి శిల ఒకదానికి భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మోర్ కోడురైట్ అని పేరు పెట్టాడు. గనిలో టన్నుల లెక్కన ధర పలికే ఆ లోహమే, కొద్ది దూరంలో చెరువు కింది మడిలో, కంటికి ఆనని ఒక ప్రాణికి ఊపిరి. అది జడమా, జీవమా అన్న ప్రశ్న ఆ లోహాన్ని చూసి తేల్చగలిగేది కాదు. అది ఎవరి ఊపిరిలో, ఏ స్థితిలో పాలుపంచుకుంటున్నదో చూడాలి.

వరి కోశాక ఆ తడిలోనే చల్లే పెసర, మినుము కూడా ఇదే మాట మరో విధంగా చెబుతాయి. గాలిలో 78 శాతం నైట్రజనే అయినా పైరుకు అది నేరుగా దక్కదు. పప్పుజాతి పైర్లు వేరుబుడిపెల సాయంతో దానిని సంపాదించుకుంటాయని హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1886లో చూపారు; ఆ బుడిపెలలోని బాక్టీరియాను బైయరింక్ 1888లో విడదీశాడు. ఎరువుల కర్మాగారం నాలుగైదు వందల డిగ్రీల వేడిమీద, వాతావరణ పీడనానికి వంద రెట్లకు మించిన ఒత్తిడిలో చేసే పనిని ఆ జీవి నైట్రజనేజ్ అనే ఎంజైముతో మామూలు నేల వేడిలోనే చేస్తుంది, అయితే ఆక్సిజన్ తగిలితే ఆ ఎంజైము పాడైపోతుంది. అందుకని బుడిపెలో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే ఎర్రటి పదార్థం ఒకటి తయారవుతుంది. లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఆ పదార్థం మన నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు జ్ఞాతి. చురుకుగా పనిచేస్తున్న బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబి రంగు కనిపించడానికి కారణం అదే.

దర్శనాల వైపు మళ్ళీ చూస్తే, వైశేషికులకు ఈ జడజీవ విభజన అంత ముఖ్యం కాదన్నది స్పష్టమవుతుంది. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం నేటికీ న్యాయ వైశేషికాలకు తొలి పాఠ్యగ్రంథం; అందులో పృథివికి లక్షణంగా చెప్పినది గంధం. రాతికి వాసన లేదు కదా అన్న ఆక్షేపణకు, రాయిని కాల్చిన బూడిదకు వాసన ఉంది కాబట్టి రాతిలో కూడా అది పైకి తేలకుండా ఉందని ఆ సంప్రదాయం సమాధానం చెప్పుకుంది. తొలకరి వాసన గుట్టు 20వ శతాబ్దంలో విప్పారు. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ ఎండిన మట్టి మీద వాన పడినప్పుడు వచ్చే పరిమళాన్ని వివరించారు. కన్నౌజ్‌లో మట్టి నుంచి తీసే అత్తరు సంగతి వారికి తెలుసు. 1965లో గెర్బర్, లెషెవాలియే ఆ వాసనలో ముఖ్యమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా నుంచి వేరు చేశారు. మట్టి వాసన చాలావరకు మట్టిది కాదు, మట్టిలో బతికేవాడిది. దీనితో అన్నంభట్టు నిర్వచనం కూలిపోయిందని అనుకుంటే పొరపాటు. ఆ బాక్టీరియా దేహం కూడా పార్థివ శరీరమే, మల్లెపువ్వు వాసన ఎంత పార్థివమో ఇదీ అంతే అని నైయాయికుడు నిబ్బరంగా చెప్పగలడు. ఆయన ప్రపంచాన్ని గుణాన్ని బట్టి విభజించాడు, ప్రాణాన్ని బట్టి కాదు. చేతన ఆయనకు దేహంలో లేదు, ఆత్మలో ఉంది. మట్టికి దానితో నిమిత్తం లేదు.

చార్వాకులకు కలిగిన ఇబ్బంది ఇంతకంటే ముచ్చటైనది. ఆత్మ అంటూ వేరే ఏదీ లేదని, కిణ్వం వేసిన పదార్థాల కలయిక నుంచి మత్తు పుట్టినట్టే నాలుగు భూతాల కలయిక నుంచి చైతన్యం పుడుతుందని వారు వాదించినట్టు 14వ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహం నమోదు చేసింది. కిణ్వం అంటే కల్లునూ సారానూ పులియబెట్టే మూలద్రవ్యం. జడం నుంచి జీవం పుడుతుందనడానికి వారు చూపిన ఆ ఉదాహరణలో అప్పటికే ప్రాణులు దాక్కుని ఉన్నాయని, పులియడం ఈస్టు అనే జీవి చేసే పని అని లూయీ పాశ్చర్ 1857 నుంచి చేసిన ప్రయోగాలతో తేల్చాడు. వాదం అక్కడితో ఓడినట్టే అనిపించింది కాని, 1897లో ఎడ్వర్డ్ బుఖ్నర్ ఈస్టు కణాలను నూరి పిండిన రసంతోనే, బతికిన కణం ఒక్కటీ లేకుండా, చక్కెరను పులియబెట్టి చూపి చార్వాకుడికి సగం గెలుపు తిరిగి ఇచ్చాడు. చీపురుపల్లి వైపు గోగు కట్టలను చెరువులో రెండు మూడు వారాలు ఊరవేసినప్పుడు జరిగేది కూడా ఇలాంటి పనే. కాండంలో నారను పట్టి ఉంచే పెక్టిన్‌ను బాక్టీరియా విడుదల చేసే ఎంజైములు కరిగిస్తాయి. బాక్టీరియా చచ్చినా ఆ ఎంజైము కొంతసేపు పనిచేస్తూనే ఉంటుంది. ఎంజైముకు ప్రాణం లేదు, కానీ ప్రాణి లేకుండా అది అక్కడికి రాదు. పాత దర్శనాలలో ఏదీ ఈ నడిమి స్థానానికి గడి కేటాయించలేదు.

ఇక హింస సంగతి. నాగలి మట్టిని తిరగేసినప్పుడు వానపాములు తెగుతాయి, వేళ్ళకు దూరం నుంచి భాస్వరం చేర్చే మైకోరైజా శిలీంధ్రాల పోగులు తెగిపోతాయి. అదే సమయంలో ముద్దల లోపల దాగి ఉన్న సేంద్రియ పదార్థం గాలికి బయటపడి, దానిని తినే బాక్టీరియా విపరీతంగా పెరుగుతుంది. ఒకే చాలులో ఒకరికి చావు, మరొకరికి విందు. నాగలి లేకపోయినా ఇది ఆగదు: ఎండిన నేల మీద తొలకరి పడగానే, ఎండకు తట్టుకోవడానికి లోపల లవణాలు కూడబెట్టుకున్న కణాలు హఠాత్తుగా నీరు పీల్చి పగిలిపోతాయి, వాటి అవశేషాలను మిగిలినవి తింటాయి, మట్టి నుంచి బొగ్గుపులుసు వాయువు ఉప్పెనగా లేస్తుంది; 1958లో దీనిని వివరించిన శాస్త్రవేత్త పేరు మీద దీన్ని బిర్చ్ ప్రభావం అంటారు. ఏరువాక పున్నమికి రైతు ఎద్దులకు పసుపుకుంకుమలు పెట్టే నాటికే వాన ఆ పొలంలో నాగలి చేయబోయేదాని కంటే ఎక్కువ చావును చేసి ఉండవచ్చు. పైగా ఆ జీవులు ఒకరిపట్ల ఒకరు అహింసా వ్రతం పట్టినవి కావు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించిన కాలంలో, అక్కడ బెంజమిన్ డగ్గర్ అమెరికాలోని మిస్సోరి పొలం మట్టి నుంచి తీసిన స్ట్రెప్టోమైసిస్ జాతి జీవిలో ఆరియోమైసిన్ దొరికింది. 1948లో అది లోకానికి వెల్లడైంది. పక్కవాడి పెరుగుదలను ఆపే ఆ పదార్థమే మనిషి రోగాలకు మందయింది. ఇలాంటి పదార్థాలు మట్టిలో ఉండే అతి తక్కువ మోతాదులో ఆయుధాలా, సంకేతాలా అనే వాదన శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా ఉంది.

కాబట్టి చంపిన ప్రాణులను లెక్కించి పాపాన్ని తూచే పద్ధతి ఈ చాలు దగ్గర పనికిరాకుండా పోతుంది. మత్స్యకారుడితో దున్నేవాడిని పోల్చిన పరాశరుడి లెక్కకు అర్థం మిగలదు. జైనులకు ఈ చిక్కు ముందే తెలుసు. తీర్థంకరులలో మొదటివాడైన ఋషభదేవుడే జనానికి సేద్యం నేర్పాడని చెప్పే సంప్రదాయం, మరోవైపు నేలను చీల్చే వృత్తిని శ్రావకుడికి, అంటే గృహస్థ జైనుడికి, తగనిదిగా పేర్కొంది. ఆ రెండింటి నడుమ కావాలని చేసే సంకల్పహింసకూ, బతుకుతెరువులో తప్పనిసరిగా జరిగే ఉద్యోగహింసకూ తేడా చూపింది. పాపం సంఖ్యలో కాక సంకల్పంలోనూ జాగ్రత్తలోనూ ఉందనే ఈ తీర్పు సూక్ష్మజీవశాస్త్రం ముందు కూడా చెక్కుచెదరలేదు. అయితే ఇందులో ఒక కొరత ఉంది. సంకల్పం దున్నేవాడి మనసును చూస్తుంది కాని నేల ఏమవుతున్నదో చూడదు. ఏ దురుద్దేశమూ లేకుండా, బహు జాగ్రత్తగా కూడా ఒక పొలాన్ని నిర్జీవం చేయవచ్చు. నేల వైపు చూడడానికి వినయపిటకపు జాతాజాత విభజనే ఎక్కువ సాయపడుతుంది, ఎందుకంటే అది ఒక్కొక్క ప్రాణిని వెతకదు, ప్రాణానికి ఆధారమయ్యే స్థితి ఆ నేలకు ఉందా, పోయిందా అని అడుగుతుంది. పరాశరుడి కళ్ళపు దానాలలో రాజుకు ఆరో పాలు, దేవతలకు ఇరవై ఒకటో పాలు, బ్రాహ్మణులకు ముప్పయ్యో పాలు ఉన్నాయి. నేలకు పాలు లేదు. ఆ పాలును ఊళ్ళలో గత్తం, అంటే పశువుల ఎరువు, రూపంలో రైతులే చెల్లిస్తూ వచ్చారు, స్మృతి చెప్పకపోయినా.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి సేద్యంలో జీవామృతం తయారీకి వాడే వస్తువులు అందరికీ పరిచితమే: 200 లీటర్ల నీరు, పది కిలోల ఆవుపేడ, ఆవుమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, చివరగా రసాయనాలు తగలని గట్టు మీది గుప్పెడు మట్టి. వీటన్నింటిలో ఆలోచించదగినది ఆ గుప్పెడు మట్టి. పేడా బెల్లమూ పిండీ తిండి. ఆ మట్టి తోడు. ఈ పద్ధతి ఇచ్చే ఫలితాల మీద వివాదం ఉంది, జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ 2019లో దీనికి శాస్త్రీయ ఆధారాలు చాలవని అభ్యంతరం చెప్పింది, ఆ ద్రావణంలోని పోషకాలు పంట అవసరం ముందు స్వల్పమేనన్నదీ నిజమే. ప్రచారంలో వినిపించే కోట్ల సంఖ్యలకు ఉన్నంత బరువు వాటి వెనుక కొలతలకు ఉండదు. కానీ దున్నని గట్టు నుంచి దున్నిన మడికి మట్టిని అరువు తెచ్చుకోవడంలో ఒక అంగీకారం ఉంది: ఈ పొలంలో ఏదో తరిగిపోయింది, అది సంచిలో కొని తెచ్చేది కాదు, పక్కనే తాకకుండా వదిలిన నేల వల్ల మాత్రమే తిరిగి వచ్చేది. ఎకరంలో ప్రతి అడుగూ సాగులోకి తెచ్చి గట్టును కూడా చెక్కేసుకున్న ఊరికి ఆ అరువు పుట్టదు.

గనుల దగ్గర ఈ ప్రశ్న ఇంకా కటువుగా నిలుస్తుంది. మాంగనీసు కోసం తవ్వి పక్కన పోసిన వ్యర్థపు గుట్టలలో మట్టి పేరుకు ఉన్నా సేంద్రియ పదార్థమూ నైట్రజనూ దాదాపు ఉండవు, రాళ్ళు ఎక్కువ. వినయపిటకం భాషలో అది అజాతభూమి. నాలుగు నెలల వాన దానికి చాలదు. అలాంటి గుట్టను దానంతట అది పచ్చబడనిస్తే గాలితో వచ్చే నీలిహరిత నాచు, లైకెన్లు, ఆపైన పప్పుజాతి గడ్డిగాదం ఒకదాని వెనుక ఒకటి రావడానికి దశాబ్దాలు పడుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మహారాష్ట్రలోని గుంగావ్ మాంగనీసు గని గుట్టల మీద ఆ కాలాన్ని కుదించడానికి చక్కెర మిల్లుల మడ్డిని కలిపి, రైజోబియం, అజటోబాక్టర్ అనే బాక్టీరియానూ, మైకోరైజా శిలీంధ్రాలనూ వేళ్ళకు పట్టించిన మొక్కలు నాటి, ఆ గుట్టలను పచ్చబరిచారు. అజాతాన్ని జాతంగా మార్చే ఆ పనిలో వారు మోసుకువచ్చింది గుప్పెడు బాక్టీరియానూ కొంత ఎంగిలి తిండినీ; మిగిలినదంతా ఆ జీవులు చేశాయి, చస్తూ, పెరుగుతూ, ఒకదాన్ని ఒకటి తింటూ. ఆ గుట్ట మళ్ళీ దున్నదగిన నేల అయిన నాడు దాని మీద మొదటి చాలు తీసేవాడికి అంటే పాపం ఎంత అని అడిగితే, ఆ నేలను అజాతం చేసినవాడి పేరు కూడా అదే లెక్కలో రాయవలసి వస్తుంది. గని తవ్వేవాడిని గురించి పరాశరుడు కళ్ళం దగ్గర ఏమీ చెప్పలేదు.